సాలీడు కుట్టిన ఎండాకాలం

మొన్నామధ్య మోకాలు చూపించుకుందామని ఏలూరు వెళ్ళాను. తాడేపల్లిగూడెంలో డాక్టర్లు లేకనా? ఉన్నారు, వీధికిద్దరు. కానీ మా కోడలికి ఏలూరు డాక్టరంటేనే గురి. మోకాలు నాదే అయినా గురి ఆవిడది కాబట్టి వెళ్ళాల్సిందే. టోకెన్ తీసుకుని, ఫ్యాను కింద బెంచీ చూసుకుని కూర్చున్నాను.

అంతలో మెట్ట వైపు నుంచి ఒక మనిషిని ఆటోలో వేసుకొచ్చారు. పామాయిల్ తోటలో గెలలు కోస్తాడట. నలుగురు పట్టుకున్నా నిలబడలేకపోతున్నాడు. కాళ్ళు కడుపులోకి ముడుచుకుపోయాయి, పిడికిళ్ళు బిగిసిపోయాయి, చొక్కా చెమటకి తడిసి ముద్దయింది. వెనకాలే వచ్చిన అతని భార్య కొంగులో వేపరెబ్బ ముడేసుకుని ఉంది. పక్కనున్నావిడతో గొంతు తగ్గించి చెబుతోంది, మొన్నటిదాకా బాగానే ఉన్నాడనీ, ఉన్నట్టుండి ఇలా అయిపోయాడనీ, గాలి సోకిందేమోనని ఊళ్ళోవాళ్ళు అంటున్నారనీ. లోపల్నుంచి ఒక కుర్ర డాక్టరు వచ్చి అతని చేతులు రెండూ తిప్పి చూశాడు. "ఈమధ్య ఏదైనా కుట్టిందాండీ?" అని అడిగాడు.

తర్వాత నా టోకెన్ పిలిచారట, నేను పలకలేదట, ఇంకెవర్నో లోపలికి పంపేశారట. ఆ సంగతి తెలిసి కోడలు తల పట్టుకుంది. నేనేం చెప్పను? ఆ వేపాకు చూసిన దగ్గర్నుంచీ నేను ఆ బెంచీ మీద లేను.

మా ఊరు కామవరపుకోట దాటాక మెట్టలో ఉండేది. ఇప్పుడూ ఉంది గానీ నేను చెప్పే ఊరు అది కాదు. ఎర్రమట్టి, తాటిచెట్లు, జీడిమామిడి తోటలు, పొగాకు కాల్చే బ్యారన్లు. ఏ ఇంటికి వెళ్ళినా పొగాకు వాసనే, ఆఖరికి పెరుగన్నంలో కూడా. నీళ్ళకి కటకట. ఎండాకాలం వచ్చిందంటే బావిలో చేద అడుగున గీరుకునేది. మాది తాటిదూలాల పెంకుటిల్లు. ఆ దూలాల సందుల్లో ఏమేం కాపరం ఉండేవో దేవుడికే తెలియాలి. బల్లులు, తేళ్ళు, ఉడతలు, సాలీళ్ళు. వాటి జోలికి మనం వెళ్ళకపోతే మన జోలికి అవి రావని మా నాయనమ్మ అనేది.

నాకప్పుడు ఎనిమిదేళ్ళుంటాయి. మా అమ్మ ఆ ముందు కార్తీకంలో కామెర్లొచ్చి పోయింది. మాఘమాసంలో నాన్నగారు మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు. ఏడాదన్నా తిరగనివ్వలేదని ఊరు ఊరంతా చెవులు కొరుక్కుంది. ఆడపిల్లని ఎవరు పెంచుతారన్నది నాయనమ్మ జవాబు. వచ్చినావిడ పెంటపాడు వైపు పిల్ల. పిల్ల అనే అనాలి, ఇప్పుడు తలుచుకుంటే ఇరవై కూడా నిండి ఉండవు. గుమ్మం ముందు కాలవ పారే ఊరి నుంచి వచ్చి, బిందెడు నీళ్ళకి వంతు నిలబడే ఊళ్ళో పడింది. పిన్నీ అని పిలవమన్నారు నన్ను. నేను పిలవలేదు. ఏదైనా కావాలంటే వెళ్ళి ఎదురుగా నిలబడేదాన్ని. ఆవిడే ఏం కావాలమ్మా అని అడిగేది.

ఆవిడ మెడలో సూత్రాల పక్కన చిన్న బంగారు బిళ్ళ ఉండేది. సవతి బిళ్ళ. రెండో పెళ్ళి మీద వచ్చినవాళ్ళు, పోయినావిడ పేరు చెప్పి అది వేసుకోవాల్సిందే. లేకపోతే ఆవిడ ఊరుకోదని నమ్మకం. కొత్తచీర కట్టుకోవాలన్నా ముందు ఆ బిళ్ళకి పసుపూ కుంకుమా పెట్టి, చీర చూపించి, అప్పుడు కట్టుకోవాలి. నాయనమ్మ ఒకరోజు వేలు పెట్టి చూపించి, అదిగో అదే మీ అమ్మ అంది నాతో. పెద్దవాళ్ళు ఇలాంటి మాటలు అనేసి వాళ్ళ పనుల్లోకి వాళ్ళు వెళ్ళిపోతారు. పిల్లలు వాటిని పట్టుకుని కూర్చుంటారు. మధ్యాహ్నం పిన్ని చాప మీద కునుకు తీస్తుంటే చప్పుడు చెయ్యకుండా వెళ్ళి ఆ బిళ్ళ దగ్గర ముక్కు పెట్టేదాన్ని, మా అమ్మ వాసన వస్తుందేమోనని. పసుపు, కొబ్బరినూనె, చెమట, అంతే. మా అమ్మ తలకి ఆముదం రాసుకునేది. ఒకసారి పిన్నికి మెలకువ వచ్చేసింది. బిళ్ళ నా చేతిలో ఉంది. ఆవిడ నన్ను చూసి, మళ్ళీ కళ్ళు మూసుకుంది.

వైశాఖంలో ఆవకాయ పెట్టే రోజొచ్చింది. క్రితం ఏడు మా అమ్మ పెట్టిన ఆవకాయ ఇంకా పెద్దజాడీ అడుగున ఉంది. మనిషి పోయి ఆర్నెల్లయినా ఆవిడ చేతి ఆవకాయతోనే మేం అన్నాలు తింటున్నాం. ఆ ముక్క కంచంలో పడిన రోజు నాన్నగారు మాట్లాడేవారు కాదు. నేను మాత్రం టెంక నాకి నాకి తెల్లగా అయ్యేదాకా వదిలేదాన్ని కాదు.

పొద్దున్నే వాకిట్లో గోనెపట్టా పరిచి కాయలు కొట్టడం మొదలుపెట్టారు. నాయనమ్మ కత్తి పట్టిందంటే ఇంకెవర్నీ పట్టనివ్వదు. పిన్ని ముక్కలకి జీడి తీసి తుడుస్తోంది. ఆవపిండి ఘాటుకి కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా, గుడ్డ చాటున ముక్కొకటి నోట్లో వేసుకుంటూనే ఉన్నాను నేను. అంతలో కత్తి జారి నాయనమ్మ బొటనవేలు తెగింది. బాగానే తెగింది, మామిడిముక్కల మీద నెత్తురు పడింది.

తెగినచోట సాలీడు కాగితం అంటించడం మా వైపు మామూలు. గోడ మీద రూపాయంత, గుండ్రంగా, తెల్లగా అంటుకుని ఉంటుంది చూడండి, సాలీడు గుడ్లు పెట్టుకునే గూడు. దాన్ని ఒలిచి వేస్తే నెత్తురు ఠక్కున ఆగిపోతుంది. పిన్ని ఒక్క పరుగున లేచింది. గదులన్నీ వెతికింది. పెళ్ళికి సున్నాలు వేసిన గోడలు కదా, ఒక్కటీ మిగల్లేదు. సామాన్ల గదిలో, దూలం గోడ మీద ఆనిన చోట పైన ఒకటి కనబడింది. పీట మీద పీట వేసుకుని ఎక్కి, నన్ను పట్టుకోమంది.

సందులో వేళ్ళు పెట్టి కాగితం ఒలుస్తూ "అబ్బా" అంది. కిందనుంచి నేను చూశాను. నా అరచెయ్యి కంటే పెద్దది. బూడిదరంగు, ఒళ్ళంతా నూగు, ముందుకాళ్ళ అడుగున పసుప్పచ్చ. తొందరేమీ లేనట్టు మళ్ళీ సందులోకి వెళ్ళిపోయింది. పిన్ని మాత్రం కాగితం వదల్లేదు. దిగి, వాకిట్లోకి పరిగెత్తి, నాయనమ్మ వేలికి అంటించి, ఆ తర్వాతే కూర్చుని తన వేలు చూసుకుంది. పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటారే, అదీ సంగతి.

వేలు ఎర్రగా పొంగింది. మోచేతి దాకా సలుపుతోందంది. సాలీడు ఇంతుందని నేను చెయ్యి చాపి చూపిస్తే ఎవరూ నమ్మలేదు, పిల్లలకి అన్నీ పెద్దగానే కనబడతాయన్నారు. నాయనమ్మ సున్నం రాసి, గుప్పెడు వేపాకు దూసి తెచ్చి నమలమంది. ఏం కుట్టినా మా దగ్గర మొదటి పరీక్ష అదే. విషం ఎక్కిన మనిషికి వేపాకు చేదు తెలియదంటారు, తియ్యగా ఉంటుందట. అందరం ఆవిడ నోటి వంకే చూస్తున్నాం. పిన్ని నమిలి, మొహం చిట్లించుకుని, చేదుగా ఉందండీ అత్తయ్యగారూ అంది. హమ్మయ్య అనుకున్నారు అందరూ. నాన్నగారు తువ్వాలు భుజాన వేసుకుని తోటకి వెళ్ళిపోయారు. మర్నాటికి వాపు తీసింది. ఆ చేత్తోనే ఆవపిండి, కారం, నూనె కలిపింది పిన్ని.

ఆ జాతి సాలీడు విషం నాలుక జోలికి రాదు. కండల్లోకి పోతుంది, అది కూడా తీరుబడిగా, కొన్ని గంటలకో కొన్ని రోజులకో. ఆ సంగతి చెప్పేవాళ్ళు అప్పుడెవరున్నారు మాకు? చేదుగా ఉందన్న ఆ ఒక్క మాట మా కొంప ముంచింది.

మూడో రోజు ఆవకాయ తిరగకలిపి జాడీకెత్తాలి. ఉన్న పెద్దజాడీ ఒక్కటే. పాతది సీసాలోకి తీసేసి, జాడీ కడిగి ఎండలో పెట్టమని నాయనమ్మ పిన్నికి చెప్పింది. పిన్ని జాడీ ముందు కూర్చుని చెయ్యి లోపల పెట్టింది. నేను గడప మీద కూర్చుని చూస్తున్నాను. అమ్మ ఆవకాయ అలా గుప్పెళ్ళకొద్దీ బయటికొస్తుంటే నాకు ఏడుపు ముంచుకొస్తోంది. ఇంతలో ఆవిడ చెయ్యి లోపలే ఉండిపోయింది. వేళ్ళు బిగుసుకుపోయి బయటికి రావట్లేదు. ఏవండీ అని నాన్నగార్ని పిలవబోయింది, మాట సగంలో దవడ బిగిసింది. కాళ్ళు ముడుచుకుపోయి పక్కకి పడిపోయింది. పిక్కల్లో కండ చీరలోంచి తెలిసేలా ఎగిరెగిరి పడుతోంది. ఒళ్ళంతా చెమట.

నాయనమ్మ పరిగెత్తుకొచ్చి, జాడీనీ పిన్నినీ మార్చి మార్చి చూసి, నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "దాని జాడీలో చెయ్యి పెట్టింది" అంది.

ఇంకేం కావాలి? ఏడాది తిరక్కుండా పెళ్ళి, మెడలో బిళ్ళ, పోయినావిడ ఆవకాయలో చెయ్యి. సాలీడు ఊసే ఎవరికీ గుర్తులేదు. వేపాకు చేదుగా ఉందన్నాక దాని సంగతి అప్పుడే తీరిపోయింది కదా. సాయంత్రానికల్లా ఊరంతా పాకిపోయింది, మొదటి పెళ్ళాం రెండో పెళ్ళాం మీదికి వచ్చిందని. చూడ్డానికి వచ్చేవాళ్ళు, గుమ్మంలో నిలబడి దణ్ణాలు పెట్టేవాళ్ళు, మా అమ్మకి బాకీపడ్డ మాటలేవో గొణుక్కునేవాళ్ళు.

నాకు భయం వెయ్యలేదు. సంతోషం వేసింది. అమ్మ వచ్చింది. ఇంట్లోనే ఉంది. పిన్ని పడుకున్న గది గుమ్మం దగ్గర నుంచి కదల్లేదు నేను. ఎప్పుడు నా వంక చూస్తుందా, ఎప్పుడు నా పేరు పెట్టి పిలుస్తుందా అని.

పట్టుకోవడం, వదలడం, మళ్ళీ పట్టుకోవడం. కాళ్ళలో మొదలై నడుముకీ, నడుం నుంచి గుండెలకీ ఎక్కేది. అప్పుడు ఊపిరి కూడా చిన్నచిన్నగా తీసేది. వదిలిన కాసేపట్లో ఆవిడ అడిగేవి రెండే. మంచినీళ్ళు, ఆసుపత్రి. నాన్నగారు బండి కడతానని లేచారు కూడా. నాయనమ్మ అడ్డం పడింది. ఒంట్లో గాలి ఉండగా సూది పడితే మనిషి దక్కదని. ఒకర్ని పోగొట్టుకున్న మనిషికి ఆ మాట చాలు. నాన్నగారు మళ్ళీ అరుగు మీద కూలబడ్డారు. ఆయన మంచివారే. మంచితనం ఏ పనికీ రాని రోజులు కొన్ని ఉంటాయి.

పక్క ఊరి నుంచి మంత్రం వేసే ఆయన్ని పిలిపించారు. బక్కపల్చటి ముసలాయన, చుట్ట వాసన. పిన్నిని పసుపునీళ్ళతో తడిపి, వేపమండతో భుజాల మీద కొడుతూ, ఎవరు నువ్వు, ఎందుకొచ్చావు, ఏం కావాలి అని అడుగుతూనే ఉన్నాడు. గట్టిగా కొట్టలేదు గానీ ఆపలేదు. పేరు చెప్పి, కోరిక చెప్పుకుంటే, అది తీర్చి పంపించెయ్యొచ్చట. పేరు చెప్పనంతకాలం కదలదట. పిన్ని పేరు చెప్పలేదు. "నేనేనండీ, నేనేనండీ" అంటూనే ఉంది, పళ్ళు బిగబట్టుకుని. మొండిదని తేల్చాడాయన. ఉప్పు, పులుపు, కారం బందు అన్నాడు. నీళ్ళు కూడా తులసి తీర్థమంతే. ఉడికిన అన్నం చప్పగా పెడితే ఆవిడ తినలేకపోయింది. అంత చెమట పోసే మనిషికి ఉప్పూ నీళ్ళూ ఆపేశాం మేం.

కబురు ముదినేపల్లి చేరింది. అక్కడ మా అమ్మమ్మ, అంటే మా అమ్మ కన్నతల్లి. కూతురు పోయినప్పట్నుంచీ మా గడప తొక్కని మనిషి, కూతురు వచ్చిందంటే ఆగుతుందా? తెల్లారగట్ల బస్సెక్కి, ఏలూరులో మారి, ఎర్రటి ఎండలో కామవరపుకోట నుంచి నడుచుకుంటూ వచ్చింది. చేతిలో గుడ్డ కట్టిన గిన్నె. బొమ్మిడాయిల పులుసు. కొల్లేరు చేప, మా అమ్మకి ప్రాణం. మెట్ట మీద దొరకదని మా అమ్మ కాపరానికొచ్చిన రోజు నుంచీ దెప్పుతూనే ఉండేదట.

మంత్రం ఆయన పథ్యం అన్నాడు. అమ్మమ్మ ఆయన వంక చూడనన్నా చూడలేదు. ఎవరి మాటా వినకుండా గదిలోకి వెళ్ళి, పిన్ని తల ఒళ్ళో పెట్టుకుని, అన్నంలో పులుసు కలిపి ముద్ద నోటికందించింది. పిన్ని తింది. ఆబగా తింది. చెంబు ఎత్తి నీళ్ళు తాగించింది అమ్మమ్మ. తాగింది. చూస్తున్నవాళ్ళంతా అదిగో, అదిగో అన్నారు, చేపలంటే మొహం తిప్పుకునే పిల్ల ఎలా తింటోందో చూడండని. రెండు రోజుల ఆకలి అని ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

అమ్మమ్మ ఆవిడ జుట్టు వెనక్కి తోసి, చాలా మామూలుగా అడిగింది.

"నువ్వేనా అమ్మడూ?"

పిన్ని ఆవిడ మొహంలోకి చూసింది. తర్వాత గుమ్మంలో ఉన్న నన్ను చూసింది. చాలాసేపు చూసింది.

"ఊఁ. నేనేనే అమ్మా" అంది.

ఎవరో గొల్లుమన్నారు. నేను గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. మంత్రం ఆయన గబగబా ముందుకొచ్చి, నీ కోరికేంటో చెప్పు, తీరిస్తే వెళ్ళిపోతావా అని అడిగాడు. వెళ్ళిపోతానంది. గొంతు బొంగురుగా ఉంది. మళ్ళీ కాళ్ళు పట్టేస్తున్నట్టున్నాయి, మాటకీ మాటకీ మధ్య ఆగుతోంది.

"నన్ను ఏలూరు తీసుకెళ్ళండి. పెద్దాసుపత్రికి. అప్పుడడిగితే తీసుకెళ్ళలేదుగా."

నాన్నగారూ నాయనమ్మా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎందుకో చెబుతాను. మా అమ్మకి కళ్ళు పచ్చబడి, అన్నం సయించక మంచం పట్టినప్పుడు, పసరు తాగడం అయ్యాక, ఒకరోజు నాన్నగారి చెయ్యి పట్టుకుని నన్ను ఏలూరు తీసుకెళ్ళండీ అని అడిగింది. పొగాకు నారు వేసే రోజులు, ఈ పని అవనీ అన్నారాయన. పసరు పని చెయ్యడానికి టైము పడుతుందంది నాయనమ్మ. అప్పుడు ఆ గదిలో ఉన్నది వాళ్ళిద్దరూ, మంచం కోడు పట్టుకుని నేనూ. ఆ మాట గోడ దాటలేదు. అమ్మమ్మకి కూడా తెలియదు.

అమ్మమ్మ తలెత్తి నాన్నగారి వంక చూసింది. ఆయన మొహంలోనే ఆవిడకి జవాబు దొరికింది.

"నా కూతురు అడిగిందా మిమ్మల్ని?" అంది. అంతే అంది.

నాన్నగారు ఎవరి వంకా చూడకుండా వెళ్ళి బండి కట్టారు. సూది, గాలి, మనిషి దక్కదు, ఏ మాటా లేదు నాయనమ్మ నోట. దిండు తెచ్చి బండిలో పరిచింది తనే. మంత్రం ఆయన ఒక్కడే ఏదో అనబోయి, తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. పిన్నిని అమ్మమ్మ ఒళ్ళో పడుకోబెట్టుకుంది. నన్ను దిగమంటే దిగలేదు. కోట దాకా బండి, అక్కణ్ణుంచి ఒక కారు మాట్లాడుకుని ఏలూరు. దారి పొడుగునా అమ్మమ్మ ఆవిడతో మాట్లాడుతూనే ఉంది, వాళ్ళ ఊళ్ళో ఎవరికి పెళ్ళయిందో, ఏ గేదె ఈనిందో. పిన్ని ఊఁ కొడుతూనే ఉంది.

ఆసుపత్రిలో డాక్టరుగారు నడివయసాయన. నాన్నగారు ఏం చెప్పాలో తెలియక, మా ఆవిడకి ఒంట్లో బాగోలేదండీ అన్నారు. ఆయన పొట్ట నొక్కి చూశారు, కాళ్ళు చూశారు, చేతివేళ్ళు ఒక్కొక్కటే విడదీసి చూశారు. వేలి కణుపు దగ్గర పక్కపక్కనే రెండు నల్లచుక్కలు. ఏం కుట్టిందమ్మా అన్నారు. పిన్ని చెప్పింది. ఎంత ఉందని అడిగితే చెప్పలేకపోయింది, తను సరిగ్గా చూడలేదు. నేను చెయ్యి చాపి ఇంతండీ అన్నాను, కాళ్ళ కింద పసుప్పచ్చండీ అన్నాను. ఆయన నవ్వలేదు. జీడితోట కాపలాదారుడొకడికి ఇలాగే అయిందనీ, చెట్టుతొర్రలో చెయ్యి పెట్టాడనీ, కుట్టినప్పుడు ఏమీ లేక రోజులు గడిచాక కండలు పట్టేశాయనీ, ఖాయంగా చెప్పలేను గానీ ఇదీ అదే అనిపిస్తోందనీ అన్నారు. నరానికి మెల్లిగా ఏదో మందు ఎక్కించారు. సూది దిగుతుంటే నాన్నగారు గోడ వైపు తిరిగిపోయారు. కాసేపటికి పిన్ని, ఒళ్ళంతా వెచ్చగా ఉందండీ అంది. పిడికిళ్ళు వాటంతటవే విచ్చుకున్నాయి. మజ్జిగలో ఉప్పు వేసి ఇవ్వమన్నారు, ఎంత తాగితే అంత. ఈ పట్టెయ్యడం ఇంకొన్ని వారాలు వచ్చిపోతూ ఉండొచ్చు, ప్రాణానికి భయం లేదన్నారు.

అందరి మొహాలూ తేటపడ్డాయి, ఒక్క అమ్మమ్మది తప్ప. డాక్టరుగారు బయటికి వెళుతుంటే ఆవిడ వెనకే వెళ్ళింది.

"అయితే మా అమ్మాయి రాలేదాండీ?" అని అడిగింది.

ఆయనకి ముందు అర్థం కాలేదు. నాన్నగారు తలదించుకుని నాలుగు ముక్కల్లో చెప్పారు. డాక్టరుగారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, ఆ సంగతి నాకు తెలియదమ్మా, సాలీడు కుట్టిన మాట మాత్రం నిజం అన్నారు. అమ్మమ్మ ఖాళీ గిన్నె గుడ్డలో కట్టుకుంది. లోపలికి వచ్చి పిన్ని నుదురు ఒకసారి నిమిరి, నన్ను దగ్గరికి తీసుకుని, బస్టాండుకి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడూ మా ఊరు రాలేదు.

పిన్ని ఇంటికొచ్చింది. డాక్టరు చెప్పినట్టే అప్పుడప్పుడూ పట్టేసేది, వదిలేది. నాకు మాత్రం ఆశ చావలేదు. డాక్టరుకేం తెలుసు? వెళ్ళిపోతానని మాటిచ్చింది కాబట్టి వెళ్ళింది, మళ్ళీ రాకూడదని ఏముంది? బడికి సెలవులు, రోజంతా ఆవిడ వెనకే తిరిగేదాన్ని. నాకు బెంగ తీరి పిన్నికి దగ్గరవుతున్నానని నాయనమ్మ మురిసిపోయేది.

ఒకరోజు మధ్యాహ్నం పెరట్లో బట్టలు ఆరేస్తూ కుప్పకూలిపోయింది. ఇంట్లో ఎవరూ లేరు. నేను పరిగెత్తాను. ఎవరి కోసం పరిగెత్తానో నా మొహంలో రాసిపెట్టి ఉంటుంది. పిన్ని ఆ మొహం చూసింది. చూసి, పళ్ళు బిగబట్టుకుని అంది.

"మీ అమ్మ కాదమ్మా. నేనే. కాస్త కాలు పట్టు."

కూర్చుని పిక్క పట్టుకున్నాను. రాయిలా ఉంది. చర్మం కింద ఇంకో ప్రాణి ఏదో కదులుతున్నట్టు మెదులుతోంది. నాకొచ్చినట్టు నొక్కాను, ఏడుస్తూ నొక్కాను. అది మెల్లిగా మెత్తబడింది. ఆవిడ లేచి, గోడకి ఆనుకుని, కొంగుతో ముందు నా మొహం తుడిచి తర్వాత తనది తుడుచుకుంది. ఆరోజు అబద్ధమాడానంది. నా మాట ఎవరూ వినట్లేదు, మీ అమ్మ మాటయితే వింటారనిపించింది, నీ ముందు ఆడాను చూడు, అదే నాకు నిద్రపట్టనివ్వట్లేదు అంది.

నేను నమ్మాను. ఆవిడ మొహం చూసి నమ్మకుండా ఎలా ఉంటాను? కానీ ఒక్కటి మిగిలిపోయింది, అది అడిగాను. అప్పుడడిగితే తీసుకెళ్ళలేదుగా అన్నావు కదా పిన్నీ, ఆ సంగతి నీకెవరు చెప్పారు అని. పిన్నీ అనడం అదే మొదలు, ఆ సంగతి కూడా ఇద్దరం గమనించలేదు.

నేను చూస్తుండగానే ఆవిడ చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

"అలా అన్నానా నేను?" అంది.

తర్వాత పెద్దయ్యాక అడిగాను, నా పెళ్ళయ్యాక అడిగాను. ఏలూరు తీసుకెళ్ళమన్నది గుర్తుందనేది. ఆ రెండో మాట అన్నట్టే గుర్తులేదనేది, ఎవరూ చెప్పలేదనేది. చివరికి నాన్నగార్ని, నాయనమ్మని కూడా విడివిడిగా అడిగాను. దేవుడి మీద ఒట్టు వేశారు చెప్పలేదని. ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, పిన్ని మర్చిపోయి ఉంటుంది. బుద్ధి ఉన్న మనిషినెవరినడిగినా అదే అంటారు. నేనూ పగలు అదే అంటాను.

విషం ఏం చేస్తుందో ఇప్పుడు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. కండలు పట్టేస్తుంది, చెమట పోయిస్తుంది, తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది. అంతవరకూ అన్నీ సరిపోయాయి. మిగిలిన ఆ ఒక్క మాట ఏ ఖాతాలో వెయ్యాలో నాకు తెలియలేదు. ఆ మాట ఎవరన్నా గానీ, ఏలూరు అడిగిన ఇద్దరిలో ఒకరు ఏలూరు చేరారు. చేరినావిడే నన్ను పెంచింది, పురుళ్ళు పోసింది, నా పిల్లలకి తలంట్లు పోసింది. రెండేళ్ళ కింద ఆవిడా పోయింది.

ఈమధ్య ఒంట్లో బాగోక మంచం మీద అటూ ఇటూ దొర్లుతుంటే, నోరు ఊరికే ఉండదు కదా, అమ్మా అంటాను. కోడలు వంటింట్లోంచి, ఏవండీ అత్తయ్యగారూ, పిలిచారా అని అడుగుతుంది. లేదమ్మా అంటాను. అని, కాసేపు కదలకుండా వింటాను, ఇద్దరిలో ఎవరు పలుకుతారా అని.